ఫైబర్ బోటు జెల్ కోట్: గీతలు, బీటలు సరిచేసే పని

ఒమన్ తీరంలో బర్కా, సొహార్, సూర్, సలాలా వంటి ఊళ్ళలో వేటకు వెళ్ళే చిన్న పడవల్లో ఫైబర్ బోట్లు చాలా ఎక్కువ. మస్కట్ మెరీనాల్లో షికారు బోట్లు కూడా ఎక్కువగా ఫైబర్‌వే. ఈ మరమ్మతు పనికి వచ్చినవారు, హెల్పరుగా చేరి పని నేర్చుకుంటున్నవారు ఈ పాఠం తప్పక చదవండి.

జెల్ కోట్ అంటే ఏమిటి?

బోటు పైన నున్నగా మెరిసే రంగు పొరే జెల్ కోట్. మందం సుమారు అర మిల్లీమీటరు. ఎండ, ఉప్పునీరు లోపలి ఫైబర్‌ను పాడుచేయకుండా ఇది అడ్డుకుంటుంది. బోటుకు బలం ఇచ్చేది మాత్రం లోపలి ఫైబరే.

ముందుగా పరీక్షించండి

గీతలు, చిన్న పెచ్చులు, సన్నని బీటలు చాలావరకు పైపై దెబ్బలే. కానీ కింది గుర్తులు ఉంటే పూత పూయవద్దు:

- నాణెంతో తడితే ఆ చోట డొల్లగా మోగడం
- చేత్తో నొక్కితే లోపలికి పోవడం
- బీట లోపల ఫైబర్ తెగి కనిపించడం
- బొబ్బలు లేచి, గిల్లితే పుల్లటి వాసనతో నీరు కారడం

వెంటనే మేస్త్రీకి చూపించండి. "పైన పూసెయ్, కనపడకపోతే చాలు" అని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. రేపు ఆ బోటెక్కి సముద్రం మీదకు వెళ్ళేది మీలాగే పొట్టకూటి కోసం వచ్చినవారు.

పని చేసే పద్ధతి

1. సబ్బునీళ్ళతో కడిగి ఆరనివ్వండి. పాత మైనం, జిడ్డు పోయేలా గుడ్డ మీద ఎసిటోన్ వేసి తుడవండి. ఆ తర్వాతే రుద్దాలి.
2. బీటను కొద్దిగా వెడల్పు చేయండి. సన్నగానే వదిలేస్తే పూత లోపలికి దిగదు, బీట మళ్ళీ కనపడుతుంది. అంచులను 220 నంబరు ఎమెరీ పేపరుతో గరుకు చేసి, చుట్టూ టేపు అంటించండి.
3. రంగు చూసుకోండి. ఎండకు వెలిసిన బోటుకు కొత్త తెలుపు కలవదు. ముందు చిన్న చుక్క పెట్టి, ఆరాక పోల్చుకోండి.
4. సాధారణంగా 100 గ్రాముల జెల్ కోట్‌కు 1 నుంచి 2 గ్రాముల హార్డెనర్ కలుపుతారు. డబ్బా మీద రాసిన కొలతే పాటించండి. ఎండాకాలంలో తొందరగా బిగుస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోండి. హార్డెనర్ మరీ తగ్గిస్తే పూత గట్టిపడదు. పొద్దున్నే, నీడలో చేయండి.
5. అంచుకంటే కాస్త ఎత్తుగా నింపండి. బిగిసేటప్పుడు కొంత కుంగుతుంది.
6. గాలి తగిలితే పైభాగం జిగటగా ఉండిపోతుంది. మైనం కలిపిన జెల్ కోట్ వాడండి, లేదా పైన ప్లాస్టిక్ కాగితం పరవండి.
7. బాగా గట్టిపడ్డాక 400, 600, 800, 1000 నంబరు పేపర్లతో వరసగా, నీళ్ళు పోస్తూ రుద్దండి. చివర రబ్బింగ్ కాంపౌండ్, మైనం పాలిష్ పెట్టండి.

జాగ్రత్తలు

- హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు. రక్షణ కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా డబ్బా తెరవకండి. పడితే వెంటనే మంచినీళ్ళతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.
- హార్డెనర్‌ను కోబాల్ట్ మందుతో నేరుగా కలపకండి, పేలుతుంది.
- ఈ ఆవిరులకు దుమ్ము మాస్కు చాలదు, ఫిల్టర్ మాస్కు కావాలి. మూసి ఉన్న క్యాబిన్‌లో ఒంటరిగా పని చేయవద్దు. దగ్గర్లో బీడీ, సిగరెట్, నిప్పు ఉండకూడదు.
- మిగిలిన మిశ్రమం వేడెక్కి పొగలు కక్కవచ్చు. చల్లారేవరకు చెత్తబుట్టలో వేయకండి.

మీ హక్కులు

రక్షణ సామాను ఇవ్వవలసిన బాధ్యత యజమానిది. అడగడానికి మొహమాటపడకండి. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. ప్రమాదం జరిగితే 9999 నంబరుకు ఫోన్ చేయండి. ఆసుపత్రి కాగితాల నకళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి. యజమాని పట్టించుకోకపోతే మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికి వచ్చి చెప్పండి.