తాలూకా బడి, లండన్ పరీక్ష

చిరంజీవికి తాతయ్య ఆశీస్సులు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి సివిల్ సర్వీసులకు సిద్ధపడే యువతీయువకులు మెకాలే పేరును ఆంగ్ల విద్యతో ముడిపెట్టి చదివి అంతటితో వదిలేస్తుంటారు. బ్రిటన్ కామన్స్ సభ సభ్యుడైన ఆయన ఇక్కడి చదువునూ, కొలువునూ రెండింటినీ మలుపు తిప్పినవాడు కనుక చిరంజీవి ఆ రెండింటినీ కలిపి చదవాలి.

1833లో చార్టర్ బిల్లును, అంటే ఈస్టిండియా కంపెనీ పాలనాధికారాన్ని పొడిగించే ముసాయిదాను, ఆయన సభలో సమర్థించాడు. మతం, జన్మస్థలం, వంశం, రంగు అనే కారణాలతో ఏ భారతీయుణ్నీ కంపెనీ ఉద్యోగానికి అనర్హుణ్ని చేయరాదని ఆ బిల్లు చట్టమయ్యాక అందులోని 87వ సెక్షన్ చెప్పింది. కంపెనీ డైరెక్టర్ల సిఫారసుతో ఉద్యోగాలిచ్చే పద్ధతి 1853 చట్టంతో పోగా, 1854లో ఆయన అధ్యక్షతన కూర్చున్న సంఘం పోటీపరీక్షకు రూపమిచ్చింది. అది 1855లో లండన్‌లో మొదలైంది.

కడప సీమకు అంతకుముందే మరో ఆలోచన దక్కింది. కడపతో సహా నిజాం వదులుకున్న దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, 1826 మార్చి 10 నాటి మినిట్‌లో, అంటే ప్రభుత్వానికి రాసిన అభిప్రాయపత్రంలో, పంతుళ్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాకపోతే యోగ్యులు ఆ వృత్తిలోకి రారని చెప్పి, ప్రతి జిల్లాకు రెండు పెద్ద బడులు, ప్రతి తాలూకాకు ఒక బడి పెట్టి, తాలూకా పంతులుకు 9 రూపాయలు, జిల్లా పంతులుకు 15 రూపాయలు ప్రభుత్వమే ఇవ్వాలని ప్రతిపాదించాడు. పంతులు జీతాన్ని పాలనలో ముఖ్య విషయంగా చూసిన ఈ దృష్టికి చిరంజీవి ఎక్కువ విలువ ఇవ్వాలి. మన్రో 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించాడు. 1835 నాటి మెకాలే మినిట్ దరిమిలా ఆంగ్ల విద్యకే ప్రాధాన్యం దక్కగా, మన్రో ప్రతిపాదన మేరకు పెట్టిన బడులను 1836లో మద్రాసు ప్రభుత్వం రద్దుచేసింది.

కింద తాలూకా బడి లేకుండా, పరీక్ష సముద్రాల అవతల ఉన్నంతకాలం 87వ సెక్షన్ పేదింటి బిడ్డకు కాగితం మీది హక్కుగానే మిగిలింది. భారతదేశంలో ఆ పరీక్ష జరగడానికి 1922 దాకా ఆగాల్సివచ్చింది. నేడు సివిల్ సర్వీసుల మెయిన్స్‌లో చాలా పేపర్లను తెలుగులోనే రాయవచ్చు కాబట్టి, భాష గురించిన బెరుకుతో చిరంజీవి వెనుకాడకూడదు. ఉద్యోగం దొరికాక మాత్రం తొలి ఏడాదే తన పరిధిలోని ఏ బడికి పంతులు లేడో, ఎవరి జీతం ఆగిందో స్వయంగా తిరిగి రాసుకుని, ఆ ఖాళీలు నిండేదాకా పై అధికారులకు రాస్తూనే ఉండాలి.