చీలిందా, పగిలిందా, బీటవారిందా?

బ్యాంకు పరీక్షల కోచింగ్ అనగానే రాయలసీమలో గుర్తొచ్చే ఊరు నంద్యాల. లెక్కల్లో, రీజనింగ్‌లో చురుగ్గా ఉండే పిల్లలు కూడా ఇంగ్లిష్ దగ్గరికొచ్చేసరికి జంకుతారు. ఐబీపీఎస్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్‌కి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంత హడావుడిలో బట్టీ పట్టిన పదాల జాబితా అక్కరకు రాదు. ఎందుకో ‘స్ప్లిట్’ అనే ఒక్క మాట పట్టుకుని చూద్దాం.

బ్రేక్, క్రాక్, షాటర్, స్ప్లిట్... నాలుగింటికీ నోట్సులో ‘పగులు’ అని రాసుకుంటే క్లోజ్ టెస్టులో ఏది పెట్టాలో ఎలా తెలుస్తుంది? తెలుగులో మనం అలా మాట్లాడం కదా. తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది. ఎండాకాలం నంద్యాల చుట్టూ నల్లరేగడి చేలు బీటలు వారతాయి. అది క్రాక్, నేల నెర్రె విచ్చిందే గాని ముక్కలు కాలేదు. అద్దం కిందపడి పెంకుపెంకులైతే షాటర్. అదే బేతంచెర్ల వైపు దొరికే నాపరాయి చూడండి, పొరలు పొరలుగా ఉంటుంది. సందులో ఉలి దించితే బండ ఆ పొర వెంటే విడివడుతుంది. స్ప్లిట్ అంటే అదీ: ఒక గీత వెంటో, ఒక లెక్క ప్రకారమో భాగాలు కావడం.

ఇది మనసులో నాటుకుంటే మిగతా వాడుకలు తేలికవుతాయి. నలుగురు టిఫిన్ చేసి డబ్బులు పంచుకుంటే ‘స్ప్లిట్ ద బిల్’. ఒక విషయం మీద కమిటీ రెండు వర్గాలైతే ‘స్ప్లిట్ ఓవర్’. 2014లో ఎస్‌బీఐ తన 10 రూపాయల ముఖవిలువ షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది. ఒక షేరున్నవాళ్లకు పది వచ్చాయి, పెట్టుబడి మొత్తం మాత్రం మారలేదు. స్టాక్ స్ప్లిట్ అంటే ఇదే. బ్యాంకు ఉద్యోగం కోరేవాళ్లకు ఇది ఇంగ్లిష్‌లోనూ, జనరల్ అవేర్‌నెస్‌లోనూ పనికొస్తుంది.

తప్పుల గుర్తింపు ప్రశ్నల్లో ‘స్ప్లిటెడ్’ కనిపిస్తే వెంటనే పట్టుకోండి. ఈ క్రియకు మూడు రూపాలూ స్ప్లిటే. పక్కన వచ్చే మాటలు కూడా ముఖ్యం: భాగాలైతే ‘ఇంటు’, ఇద్దరి మధ్య పంపకమైతే ‘బిట్వీన్’, భార్యాభర్తలు విడిపోతే ‘అప్’. ‘బైఫర్కేట్’లో రెండు అనే అర్థం ముందే ఉంది కాబట్టి దాని వెనక ‘ఇంటు టూ’ చేర్చకపోవడమే మంచిది.

పీఓ ఇంటర్వ్యూలో సొంత ఊరి గురించి అడగడం మామూలే. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడి నంద్యాల జిల్లా అయిందని చెప్పడానికి ‘నంద్యాల వాజ్ కార్వ్డ్ అవుట్ ఆఫ్ కర్నూల్’ అనొచ్చు. ఆళ్లగడ్డ పిల్లలకైతే ‘కార్వ్’ ఇంటి మాటే. వాళ్ల ఊరి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ సంగతి ధైర్యంగా చెప్పండి. ఉలి దెబ్బకు పెచ్చు లేస్తే ‘చిప్’, బండ రెండైతే ‘స్ప్లిట్’, రూపం తేలితే ‘కార్వ్’ అని ఆ పనిని వరసగా వివరించగలిగితే ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు తడుముకోకుండా మాట్లాడతారు. ఈ మూడు మాటలతో మీ ఊరి మీద ఐదు సొంత వాక్యాలు ఇవాళే రాసి, పైకి చదివి చూసుకోండి.