కనపడని గుంజల మీద నిలిచిన ఊరు
(ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకరోజు కాలినడక)

అట్లాసులో యూరప్ పటం తీయండి. ఉత్తర సముద్రం పక్కన నెదర్లాండ్స్ అనే చిన్న దేశం కనిపిస్తుంది. దాని రాజధాని ఆమ్‌స్టర్‌డామ్. ఆ ఊళ్లో సుమారు వంద కిలోమీటర్ల కాలువలు, వెయ్యికి పైగా వంతెనలు ఉన్నాయి. ఇలాంటి ఊరిని నడిచే చూడాలి. తొందరేం లేదు, సాయంత్రం దాకా నడుద్దాం రండి.

పొద్దున: స్టేషను నుంచి రాజభవనం దాకా

రైలు దిగిన సెంట్రల్ స్టేషను 1889లో తెరిచారు. అది నిలబడింది 8,687 కొయ్య గుంజల మీద! పది నిమిషాలు నడిస్తే డామ్ అనే కూడలి వస్తుంది. అక్కడి రాజభవనం కింద 13,659 గుంజలు ఉన్నాయి. అది మొదట 1600లలో పురపాలక భవనంగా కట్టినది.

ఎందుకిన్ని గుంజలు? అక్కడి నేల మెత్తటి బురద. రాతి గోడ కడితే కుంగిపోతుంది. అందుకని నార్వే లాంటి దేశాల అడవుల నుంచి పొడవాటి మాన్లు ఓడల్లో తెచ్చి, అడుగున గట్టి ఇసుక పొర తగిలేదాకా దిగ్గొట్టారు.

మరి అవి పుచ్చిపోవా? మన పందిరి గుంజను గమనించండి. మట్టికి ఆనుకున్న చోటే ముందు పుచ్చుతుంది. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది. కొయ్యను తినే బూజుకు రెండూ కావాలి. పూర్తిగా నీళ్లలో మునిగిన గుంజకు గాలి తగలదు గనుక అది వందల ఏళ్లు ఉంటుంది. నీటిమట్టం తగ్గి గుంజ తల బయటపడిందా, పుచ్చు మొదలైనట్టే. కాలువల్లో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టాన ఉంచడానికి ఇదొక ముఖ్య కారణం.

మధ్యాహ్నం: మూడు కాలువలు

పడమటికి నడిస్తే ఒకదాని తర్వాత ఒకటి మూడు పెద్ద కాలువలు దాటతాం. వాటి పేర్లకు అర్థం దొరల కాలువ, చక్రవర్తి కాలువ, రాకుమారుడి కాలువ. ఈ తవ్వకం 1613లో మొదలైంది. 2010లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గట్టు మీది ఇళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. చాలా ఇళ్ల నెత్తిన ఒక కొక్కెం ఉంటుంది. లోపల మెట్లు మరీ ఇరుకు. అందుకే మంచాలూ బీరువాలూ గిలకకు తాడు వేసి, కిటికీ గుండా పైకి లాగుతారు.

రాకుమారుడి కాలువ మీద 263వ నంబరు ఇంటి ముందు ఆగుదాం. 1942 జులైలో 13 ఏళ్ల ఆన్ ఫ్రాంక్ ఈ ఇంటి వెనక భాగంలో దాక్కుంది. వాళ్లు యూదులు. హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించి, యూదులను పట్టుకుపోతోంది. పుస్తకాల బీరువా చాటున తలుపు. లోపల ఎనిమిది మంది. కింద పనివాళ్లు ఉంటారు కాబట్టి పగలంతా అడుగుల చప్పుడు కూడా కాకూడదు. రెండేళ్లకు పైగా అలా గడిపి, ఆ అమ్మాయి డైరీ రాసుకుంది. 1944 ఆగస్టు 4న పట్టుబడ్డారు. 1945 మొదట్లో నిర్బంధ శిబిరంలో ఆన్ చనిపోయింది. అప్పటికి 15 ఏళ్లు, మన పదో తరగతి వయసు. ఎనిమిది మందిలో వాళ్ల నాన్న ఒక్కడే మిగిలాడు. ఆ డైరీ 1947లో పుస్తకమైంది.

మలిపొద్దు: మన తీరం గుర్తు

మళ్లీ తూర్పు వైపు నడుద్దాం. పాత వీధుల్లో డచ్ ఈస్టిండియా కంపెనీ భవనం ఉంది. ఇప్పుడది విశ్వవిద్యాలయానిది. 1602లో పుట్టిన ఆ కంపెనీ కొద్ది ఏళ్లకే మన మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. మన నేతగాళ్ల బట్టలు కొని ఓడల్లో పంపింది. భీమునిపట్నంలో డచ్చివాళ్ల సమాధులు నేటికీ ఉన్నాయి. బట్టలే కాదు, మన తూర్పు తీరం నుంచి మనుషులను కూడా బానిసలుగా ఓడలెక్కించారు. ఆ అందమైన ఇళ్ల సొమ్ములో ఈ పాపం కూడా ఉంది. బానిస వ్యాపారంలో ఊరికున్న పాత్రకు 2021 జులై 1న నగర మేయర్ క్షమాపణ చెప్పారు.

సాయంత్రం: నీళ్ల గొట్టాలు, పేర్ల గోడ

చివరికి కొత్త పురపాలక భవనానికి వస్తాం. అక్కడొక కంచు బిళ్ల ఉంది. అదే వాళ్ల సున్నా మట్టం. కాలువ నీళ్లు దానికి 40 సెంటీమీటర్లు కింద ఉంచుతారు. మన రైల్వేస్టేషను పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాస్తారే, అలాంటి లెక్కకు అది మొదలు. పక్కన నిలువు గాజు గొట్టాల్లో నీళ్లుంటాయి. అన్నిటికంటే ఎత్తయినది 1953 వరద మట్టం చూపిస్తుంది. ఆ వరదలో ఆ దేశంలో 1,836 మంది పోయారు.

అక్కడికి దగ్గర్లోనే 2021లో కట్టిన పేర్ల గోడ ఉంది. హిట్లర్ కాలంలో ఆ దేశం నుంచి పట్టుకుపోయి చంపినవాళ్లు 1,02,000 మందికి పైనే. ఒక్కొక్కరికి ఒక్కో ఇటుక. ఇటుక మీద పేరు, పుట్టిన తేదీ, చనిపోయిన నాటి వయసు. ఆన్ పేరూ అందులో ఉంది. నెమ్మదిగా చదువుకుంటూ నడవాలి. ఒక ఊరు తెలియాలంటే మేడలు చూస్తే చాలదు. కింద ఏముందో, ఎవరి కష్టం ఉందో, ఎవరు లేకుండా పోయారో కూడా అడగాలి.

మీకు ప్రశ్నలు
1. నీళ్లలో మునిగిన గుంజ ఎందుకు పుచ్చదు?
2. ఇళ్ల నెత్తిన కొక్కెం దేనికి?
3. మచిలీపట్నానికీ ఆమ్‌స్టర్‌డామ్‌కూ ఏమిటి సంబంధం?
4. మీ ఊళ్లో పైకి కనపడకుండా మోస్తున్నది ఏది? సెలవుల్లో పెద్దలను అడిగి, వచ్చే సంచికకు రాయండి.