ప్లగ్గు పీకి చూశారా?

ఉప్పునీటి అక్వేరియం పెట్టిన కొత్తలో నాదొకటే శపథం. ప్రతి ఆదివారం పొద్దున్నే నీళ్లు మారుస్తాను. మొదటి నెల నాలుగు ఆదివారాలూ మార్చాను. రెండో నెల రెండు. మూడో నెలలో పెళ్లిళ్లొచ్చాయి. రాళ్ల మీద ఆకుపచ్చ వెంట్రుకల్లా నాచు మొలిచింది. క్రమం తప్పకుండా జరిగింది ఒక్కటే, నన్ను నేను తిట్టుకోవడం.

పట్టుదల లేని మనిషిని, అంతే అనుకున్నాను. ఒకరోజు కాగితం తీసి లెక్క వేస్తే విషయం వేరే ఉంది. నాది 240 లీటర్ల ట్యాంకు. పదో వంతు, అంటే 24 లీటర్లు తోడేసి కొత్త ఉప్పునీళ్లు పోస్తే, లీటరుకు 40 మిల్లీగ్రాములున్న నైట్రేట్ 36కి దిగుతుంది. ఇంత చాకిరీకీ దిగేది నాలుగు! వారం తిరిగేసరికి చేపలు ఆ నాలుగూ మళ్లీ పోగుచేస్తాయి. శపథం నిలబెట్టుకున్న వారం కూడా నేను ఉన్నచోటే ఉన్నాను.

మీకూ ఇలాంటి ఆదివారాలుంటాయి. సంకల్పబలం పెంచుకోండని చెప్పేవాళ్లకు కొదవలేదు. నేను మాత్రం సంకల్పాన్ని కాసేపు పక్కన పెట్టి, అమరిక చూసుకోమంటాను. మీరు నిద్రపోతున్నా పని జరిగేలా ఏర్పాటుందా, లేదా? నాకు ఈ ప్రశ్న నేర్పింది పీవీసీ పైపులు.

చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను బ్యాక్టీరియా నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. సాధారణంగా కథ అక్కడ ఆగిపోతుంది. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ ఎరువులే కనక నాచు ఎలాగూ పెరుగుతుంది. దానికి వేరే గది కట్టి, మంచి వెలుతురిచ్చి, అక్కడే పెరగమంటే రాళ్ల జోలికి రావడం తగ్గిస్తుంది. ఆ గదే రెఫ్యూజియం. స్మిత్సోనియన్‌లో పనిచేసిన వాల్టర్ అడే నాచుతోనే పగడపు దిబ్బల ట్యాంకుల నీటిని శుభ్రం చేసి చూపించాడు. 1991లో కరెన్ లవ్‌ల్యాండ్‌తో కలిసి దానిమీద పెద్ద పుస్తకమే రాశాడు.

ఏ నాచు వెయ్యాలి? గిన్నెలు తోమే పీచులా చిక్కుపడి ఉండే చీటోమార్ఫా వెయ్యండి. చూడ్డానికి ఏమీ బాగుండదు. కాలెర్పా ద్రాక్షగుత్తుల్లా, ఈకల్లా ముచ్చటగా ఉంటుంది, వద్దు. దానికి బుద్ధి పుట్టినప్పుడు ఒక్క రాత్రిలో బీజాలన్నీ వదిలేసి తెల్లగా చచ్చిపోతుంది, దాచుకున్న చెత్తంతా తిరిగి నీళ్లలో కలుస్తుంది. పైగా 1984లో మొనాకోలోని ఓషనోగ్రాఫిక్ మ్యూజియం ముందు సముద్రంలో కనబడ్డ కాలెర్పా టాక్సిఫోలియా, తర్వాత మధ్యధరా తీరంలో ఎంత మేర పాకిందో ఆ దేశాలవాళ్లకు తెలుసు. అందంగా ఉందని తెచ్చిపెట్టుకున్న అలవాట్లు కొన్ని ఇలాంటివే.

ఇక ప్లంబింగ్. హైదరాబాదులో సంపు అంటే ఇంటి ముందు మంజీరా నీళ్లు పట్టుకునే గొయ్యి. అక్వేరియంవాళ్లకు సంపంటే ట్యాంకు కింద అల్మరాలో దాగి ఉండే మరో గాజుపెట్టె. పై ట్యాంకు అంచు దాటి పొర్లిన నీరు పైపులో తనంతట తానే సంపులోకి దిగుతుంది, పంపు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. ఆ పైకెళ్లే పైపుకు మధ్యలో ఒక టీ వేసి, బాల్ వాల్వ్ పెట్టి, అరంగుళం పైపుతో రెఫ్యూజియానికి నీళ్లిచ్చాను. రెఫ్యూజియాన్ని సంపు కన్నా ఎత్తులో, పక్క బల్ల మీద పెట్టాను. అక్కణ్ణించి నీరు సంపులోకి దిగిపోవాలి. దిగే పైపు మాత్రం అంగుళం. లోపలికి పంపు తోస్తుంది, బయటికి తోసేవాళ్లెవరూ లేరు. అందుకే పోయే దారి లావుగా ఉండాలి.

ప్లంబరు సంచీలోంచి ఇత్తడి ట్యాంక్ నిపుల్ తీశాడు. "ఇది వేస్తే లైఫ్ ఉంటది సార్."

"వద్దు మేస్త్రీ, ఉప్పునీళ్లు. ఇత్తడిలోంచి రాగి దిగితే రొయ్యలు, నత్తలు బతకవు."

అతను నన్ను ఒకలా చూసి, ప్లాస్టిక్‌వి తెచ్చాడు. మీరూ మర మీద ఇత్తడి చుట్టు ఉన్నవి కొనకండి. పంపుకు యూనియన్ తప్పకుండా వేయించండి, లేకపోతే దాన్ని కడగాల్సినప్పుడల్లా పైపు కోయాలి. సాల్వెంట్ ఆరాక మామూలు నీళ్లు పోసి ఒకరోజు నడపండి. కారితే మంచినీళ్లే కారతాయి.

ఆ మేస్త్రీ పోయే పైపుకూ వాల్వ్ వేద్దామా అన్నాడు, కంట్రోల్ ఉంటుందని. నేనే వెయ్యమన్నాను. బుద్ధి తక్కువ. వాల్వ్ సగం మూసి మట్టం సరిచేసుకుని గర్వపడ్డ మూడో రాత్రి, చీటో పీచు ఒకటి వచ్చి ఆ సగం సందులో ఇరుక్కుంది. తెల్లారి హాల్లో దిగిన కాళ్లకు చల్లగా తగిలింది, ఉప్పగా కూడా ఉండి ఉంటుంది. మర్నాడే ఆ వాల్వ్ పీకించి, పైపు నోటికి జాలీ పెట్టి, దానికి అంగుళం పైన ఇంకో పైపు వేయించాను. మామూలు రోజుల్లో అందులో చుక్క నీరు పోదు. రెండేళ్లుగా పోలేదు. ఆ మొత్తం సామానులో నాకు బాగా నచ్చేది ఆ ఖాళీ పైపే. జీతమంతా ఈఎంఐలకు బిగించేసి, ఒక్క నెల ఆసుపత్రి ఖర్చుకు ఇల్లంతా తడుపుకునేవాళ్లను చూసినప్పుడు అది గుర్తొస్తుంది.

వేగం ఎక్కువైతే ఏదో గొప్ప జరిగిపోతుందనుకోవద్దు. లీటరు సీసా పట్టుకుని గడియారం చూశాను, 12 సెకన్లకు నిండింది. అంటే గంటకు 300 లీటర్లు. 40 లీటర్ల రెఫ్యూజియానికి అది చాలు. అక్కడ కోపిపాడ్లనే చిన్న జీవాలు చేపల నోటికి దొరక్కుండా పిల్లల్ని పెట్టుకుంటాయి, మిగిలినవి పైకి కొట్టుకుపోయి చేపలకు ఆహారమవుతాయి. మాండరిన్ చేప దాదాపు వాటి మీదే బతుకుతుంది. అవి లేని ట్యాంకులో చిక్కి చిక్కి చచ్చిపోతుంది. రెఫ్యూజియం దీపం రాత్రిళ్లు వెలిగించండి. పైన దీపాలారాక కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, కింద వెలుతురులో ఉన్న నాచు దాన్ని పీల్చుకుని ఆ పడిపోవడాన్ని తగ్గిస్తుంది.

అమరిక ఉందని మరిచిపోతే మాత్రం కుదరదు. రెండు మూడు వారాలకోసారి గుప్పెడు చీటో పీకి బయట పారెయ్యాలి. పీకినప్పుడే నైట్రేట్ ఇల్లు దాటినట్టు, లేకపోతే గది మారిందంతే. దీనికి పది నిమిషాలు. బకెట్లతో నీళ్లు మార్చడం మానలేదు గానీ, తప్పిన ఆదివారం ఇప్పుడు నన్ను భయపెట్టదు.

ఇక మీ ఇంట్లో రెఫ్యూజియం ఉన్నా, లేకున్నా ఈ పని చేయండి. పంపు ప్లగ్గు పీకండి. కరెంటు పోతే పైకెళ్లే పైపే వెనక్కి తిరిగి సైఫన్‌లా లాగుతుంది. నా ట్యాంకు పైభాగం 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు కిందికి. పైపు మూతి 5 సెంటీమీటర్ల లోతులో ఉంటే 27 లీటర్లు. ఆ చోటు సంపులో ఖాళీగా ఉందా? నాన్-రిటర్న్ వాల్వ్ ఉందిగా అంటారు. సున్నం పెచ్చు కట్టినా, ఒక బుల్లి నత్త దూరినా అది మూసుకోదు. మూతిని నీటిమట్టానికి దగ్గరగా పైకి జరపడమే దారి.

మీరు పదిరోజులు సెలవు పెడితే ఆఫీసులో మీ పని ఎటు పొర్లుతుందో కూడా ఇలాగే ఒకసారి చూడొచ్చు. ముందు మాత్రం ట్యాంకు. ఇంట్లో ఉన్నప్పుడు, మెలకువగా ఉన్నప్పుడు, పగటిపూట పీకండి. పక్కన రెండు పాత తుండుగుడ్డలు పెట్టుకోండి.