దంతములకు తీగెలు: క్రొత్తగా ధరించినవారికి కొన్ని మాటలు

మా తరగతులలో దంతములకు తీగెలు ధరించిన బాలబాలికలు ఇప్పుడు తఱచుగా కానవచ్చుచున్నారు. జనులు వీనిని క్లిప్పులని వాడుక చేయుదురు. వీనిని ధరించిన మొదటి వారమందు బాలుడు భోజనము తగ్గించును. పాఠము చదువుమన్నచో నోటికి చేయి యడ్డము పెట్టుకొనును. ఇంటికి పోయి, వీనిని తీయించివేయుమని తల్లిని వేధించును. బిడ్డ బాధను చూడలేక వైద్యమును నడుమనే మానిపించు తల్లిదండ్రులును గలరు. అట్లు మానిపించినచో సగము జరిగిన దంతములు మరల తొలగిపోవును; ధనమును, కాలమును వ్యర్థమగును. కావున ఈ తీగెలు నోటియందు ఏమి చేయుచున్నవో, వానితో నెట్లు మెలగవలెనో ఇచ్చట వివరింప దలచితిమి.

శిశువునకు పాలపండ్లు 20. ఆఱవయేటి ప్రాంతమున నవి యూడుట మొదలై, 12, 13 ఏండ్లు వచ్చునప్పటికి సామాన్యముగా 28 స్థిరదంతములు మొలచును. తక్కిన నాలుగును జ్ఞానదంతములు; అవి చాల ఆలస్యముగా వచ్చును, కొందఱికి రానే రావు. దవడ చిన్నదై దంతములు పెద్దవైనచో అవి యొకదానిపై నొకటి యెక్కును. పాలపండు పుచ్చి ముందుగానే పోయినచో ప్రక్కవి ఆ చోటికి జరిగి, క్రిందినుండి వచ్చు క్రొత్తదానికి తావు లేకుండ చేయును. పెద్దయైనను బొటనవ్రేలు చీకుట మానని పిల్లలకు ముందు దంతములు బయటికి వచ్చును. వీనిని సరిచేయుట అందము కొఱకు మాత్రమే కాదు. ఒకదానిపై నొకటి యెక్కిన దంతములను శుభ్రపఱచుట కష్టము. ముందుకు వచ్చిన దంతములు ఆటలలో పడినప్పుడు సులభముగా విఱుగును.

గోడలో దిగగొట్టిన మేకువలె దంతము ఎముకలో బిగిసియుండునని పలువురు తలంతురు. అది నిజము కాదు. దంతమూలమునకును ఎముకకును నడుమ సన్నని నారల పొర యొకటి గలదు. దాని మందము సుమారుగా మిల్లీమీటరులో నాలుగవ వంతు. తీగె దంతమును మెల్లగా నొత్తునప్పుడు, ఒత్తిడి పడిన వైపున కొన్ని జీవకణములు ఎముకను కరగించును; రెండవ వైపున మఱికొన్ని కణములు క్రొత్త ఎముకను కట్టును. ఇట్లు ఎముకయే దారి యిచ్చుచుండగా దంతము నెలకు సుమారు 1 మిల్లీమీటరు జరుగును. ఎక్కువ బలముతో లాగినచో త్వరగా జరుగునా? జరుగదు. బలము మిక్కుటమైనచో ఆ పొరయందు రక్తప్రసారము నిలిచి, కణములు చచ్చి, దంతము కదలక నిలిచిపోవును. చిక్కుడు తీవెను పందిరికెక్కించువాడు దానిని ఒక్కమాఱుగా లాగడు గదా! అందుచేతనే ఈ వైద్యమునకు ఒకటిన్నర, రెండు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువయు పట్టును.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడగు పియర్ ఫోషార్ 1728లో ప్రకటించిన దంతవైద్య గ్రంథమందు, విల్లువలె వంచిన లోహపు పట్టీకి దంతములను దారముతో కట్టు పద్ధతిని వర్ణించెను. అమెరికా దేశీయుడగు ఎడ్వర్డు ఏంగిల్ (1855–1930) దంతముల వంకరలను తరగతులుగా విభజించి 1899లో ప్రకటించెను. నేడు ఒక్కొక్క దంతముపై చిన్న బ్రాకెట్టు నంటించి, దాని గాడిలో తీగెను పెట్టి, రబ్బరు చుట్టలతో బిగింతురు. మొదట వేయు తీగె తఱచుగా నికెలు, టైటానియము కలిసిన మిశ్రలోహము. దానిని వంచినను తన మొదటి యాకారమునకే మరలును. ఆ మరలు గుణమే దంతమును మెల్లగా నడిపించును.

ఇక మొదటి వారము సంగతి. తీగె వేసిన కొన్ని గంటలకు నొప్పి మొదలై, మఱునాడు హెచ్చి, పిమ్మట క్రమముగా తగ్గి, వారము దినములలో చాలవఱకు పోవును. ఇది రోగము కాదు. దంతము కదలుటకు గుఱుతు. ఆ దినములలో మెత్తని అన్నము, పప్పు, ఇడ్లీ, పెరుగన్నము, రాగి జావ తినవలెను. ఆకలితో నుండరాదు. నొప్పికి మందు వైద్యుడు చెప్పిన మేరకే పుచ్చుకొనవలెను. బ్రాకెట్టు చెంపను ఒరసినచో వైద్యుడిచ్చు మైనమును దానిపై నద్దుకొని, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపవలెను. కొలది వారములలో పెదవియు, చెంపయు వానికి అలవాటుపడును. స, శ, చ, జ మొదలగు అక్షరములు మొదట తడబడినచో దినమునకు పావుగంట బిగ్గరగా చదువుడు. నాలుక తన త్రోవను తానే నేర్చుకొనును.

మొదటి వారము దాటినను కొన్ని తిండ్లకు దూరముగా నుండవలెను. చెఱకు, జంతికలు, చేగోడీలు, వేరుసెనగ పప్పుండలు, జీళ్ళు, మాంసపు టెముకలు బ్రాకెట్లను ఊడగొట్టును. జామకాయను కొఱుకక ముక్కలుగా కోసి వెనుక దంతములతో నమలవలెను. కూరలలోని పసుపుచే రబ్బరు చుట్టలు పచ్చబడును. దానివలన హాని లేదు. తరువాతి పర్యాయము వైద్యుడు వానిని మార్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది శుభ్రత. తీగెల సందున నిలిచిన తీపి పదార్థమును సూక్ష్మజీవులు తిని ఆమ్లమును పుట్టించును. ఆ యామ్లము దంతపు పైపూతను కరగించి బ్రాకెట్టు చుట్టును సున్నమువంటి తెల్లని మచ్చలను చేయును. తీగెలు తీసిన తరువాతను ఆ మచ్చలు పూర్తిగా పోవు. వరుస చక్కబడి దంతము చెడుటకంటె దుఃఖకరమేమున్నది? వేపపుల్ల తీగెల సందులకు చేరలేదు. కావున ఫ్లోరైడు గల పేస్టుతో, మెత్తని బ్రష్షుతో, తీగెకు పైనను క్రిందను తోమవలెను. సందులలో దూరు సన్నని బ్రష్షును రాత్రి పరుండబోవుటకు ముందు తప్పక వాడవలెను. భోజనమైన వెంటనే నోరు పుక్కిలింపవలెను.

బ్రాకెట్టు ఊడినచో దానిని పొట్లము కట్టి వైద్యునియొద్దకు తీసికొనిపొండు. తీగె మొన గ్రుచ్చుకొనినచో దానిపై మైనము పెట్టుడు. ఇంటనున్న పటకారుతో లాగకుడు. కబడ్డీ, హాకీ ఆడువారు నోటికి రక్షణకవచమును గూర్చి వైద్యుని అడుగవలెను. తీగెలు తీసినంతనే పని ముగియదు. చుట్టునున్న ఎముకయు, నారలును కుదురుకొనువఱకు దంతములు పాత చోటికి మరల జూచును. అందుచే రిటైనరు అను ఉపకరణమును వైద్యుడు చెప్పినంతకాలము ధరింపవలెను. దీనిని అలక్ష్యము చేసి రెండేండ్ల శ్రమను పోగొట్టుకొనువారు కలరు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. పని మొదలుపెట్టకముందే వ్యయమును, కాలమును వైద్యునితో చక్కగా మాటలాడుకొనుడు. మొదలుపెట్టిన పిమ్మట నడుమ విడువకుడు. నెలకొకసారి వైద్యునియొద్దకు పోవు దినమును పరీక్షదినమువలె గుర్తుంచుకొనుడు.

తోడి విద్యార్థులారా, మీతో నొక మాట. రైలుపట్టాలనియు, ఇనుప పండ్లనియు పేళ్ళు పెట్టి మీరు నవ్వినచో, ఆ నొప్పి తీగె పెట్టు నొప్పివలె వారము దినములలో పోదు. అట్టి బాలిక ప్రశ్నకు ఉత్తరము తెలిసియు చేయి యెత్తదు. పాటలో నోరు విప్పదు. తీగె ఆమె దంతములను మాత్రమే బంధించినది. ఆమె మాటను బంధించునది మీ నవ్వు. పొరుగువానిని ప్రేమింపవలెనని ప్రతి ఉదయమును వినుచున్న మనకు దానిని ఆచరించుటకు ఇంతకంటె సులభమైన సందర్భము దొరకునా? ఆమె ప్రక్కన కూర్చుండుడు, ఆమె చదువు ముగించువఱకు ఓపికతో వినుడు. మెత్తని బలము దినదినమును పనిచేసినచో ఎముకయైనను దారి యిచ్చును. అట్లే మీ దయయు ప్రతిదినము తోడుగా నుండినచో ఆ బాలిక త్వరలోనే జంకు లేక చేయి యెత్తి ఉత్తరము చెప్పగలదు.