తప్పు జరిగిన తర్వాత నాయకుని మాట

పదిమంది చేత పని చేయించే బాధ్యత నేడు మనలో చాలామంది భుజాల మీద ఉంది. ఒకరు బట్టల దుకాణంలో మేనేజరు. ఒకరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒకరు గల్ఫ్‌లో కట్టడం పనుల దగ్గర ఫోర్‌మన్. మరొకరు హైదరాబాదులో కంప్యూటర్ కంపెనీలో టీమ్ లీడరు. పదవి పెరిగిందని, జీతం పెరిగిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అల్‌హమ్దులిల్లాహ్, సంతోషించవలసిన విషయమే. కాని ఆ పదవితోపాటు ఒక లెక్క కూడా మన ఖాతాలో చేరిందన్న సంగతిని మాత్రం మరచిపోతాము.

మనలో ప్రతి ఒక్కరూ ఒక కాపరేనని, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి ఒక్కరికీ ప్రశ్న ఎదురవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ప్రజలను పాలించేవాడు మొదలుకొని యజమాని సొమ్మును చూసుకునే సేవకుని వరకు అందరూ ఇందులోకి వస్తారు. కాబట్టి మన కింద పనిచేసే వారితో మనం ఎలా మాట్లాడాము అన్నది కేవలం ఆఫీసు విషయం కాదు. అది పరలోకంలో జవాబు చెప్పుకోవలసిన విషయం.

మా అనుభవం

ఈ పాఠాన్ని మేము పుస్తకాల్లో చదివాము, ఇతరులకు బోధించాము కూడా. అయినా ఒక దెబ్బ తగిలాకే అది మాకు అర్థమయింది. కొన్నేళ్ల క్రితం ఒక మదరసా వసతి గృహం బాధ్యత మా మీద ఉండేది. ఒకనాడు వంటమనిషి పప్పు మాడ్చాడు. వయసులో అతను మాకంటే చాలా పెద్దవాడు. అయినా పిల్లలందరూ దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని ఉండగానే అతణ్ణి నానా మాటలు అన్నాము. అతను ఏమీ బదులు చెప్పలేదు. తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. క్రమశిక్షణ నేర్పామని మేము అనుకున్నాము.

నెల తిరగకముందే పదకొండుమంది పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వెతికి చూస్తే నీళ్ల ట్యాంకు మూత పగిలి, లోపల పావురం చచ్చి పడి ఉంది. మూత పగిలిన సంగతి వంటమనిషికి వారం ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగాము. "చెబితే నువ్వే పగలగొట్టావని నన్నే అంటారని ఊరుకున్నాను మౌల్వీసాబ్" అన్నాడు. అల్లాహ్ దయ వల్ల పిల్లలందరూ కోలుకున్నారు. కాని ఆ మాట మాత్రం మా గుండెలో ముల్లులా దిగిపోయింది. అతని నోరు మూయించింది మేమే కదా!

ఉహుద్ తర్వాత వచ్చిన ఆదేశం

హిజ్రీ 3వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 625లో, జరిగిన ఉహుద్ యుద్ధాన్ని ఈ దృష్టితో ఒకసారి చూడండి. మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవడం మంచిదన్నది దైవప్రవక్త (స) అభిప్రాయం. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దొరకని యువకులు బయటికి వెళ్లి పోరాడదామని పట్టుబట్టారు. ఆయన (స) వారి మాటను మన్నించి కవచం ధరించారు.

యుద్ధభూమిలో 50 మంది విలుకాండ్రను హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) నాయకత్వంలో ఒక గుట్టమీద నిలిపారు. మేము గెలిచినా, ఓడినా, చివరికి పక్షులు మమ్మల్ని తన్నుకుపోతున్నట్లు కనిపించినా, నేను కబురు పంపేవరకు మీరు స్థానం వదలవద్దని వారికి చెప్పారు. ఆదేశం ఎంత స్పష్టంగా ఉందో గమనించండి. ఏం చేయాలో, ఎప్పటివరకు చేయాలో, మనసు ఊగిసలాడే సందర్భం ఏదో, అన్నీ అందులో ఉన్నాయి. నేడు మనం సగం మాట చెప్పి, మిగతా సగం వారే తెలుసుకోవాలని ఆశిస్తాము. పని చెడితే "ఆ మాత్రం తెలియదా?" అని గద్దిస్తాము.

ఇంత స్పష్టంగా చెప్పినా విజయం కళ్లెదుట కనబడగానే విలుకాండ్రలో ఎక్కువమంది గుట్ట దిగిపోయారు. గెలిచిన యుద్ధం తలకిందులయింది. సుమారు 70 మంది సహాబాలు షహీదులయ్యారు. వారిలో ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ హమ్‌జా (రజి) ఉన్నారు. స్వయంగా ప్రవక్త (స) పన్ను విరిగింది, ముఖం గాయపడింది.

ఇప్పుడు ఆలోచించండి. కింది వారి పొరపాటు వల్ల మన కంపెనీకి పదివేల రూపాయల నష్టం వస్తేనే మనం ఎలా మాట్లాడతాము? "ఇకమీదట ఎవరూ నాకు సలహాలు చెప్పొద్దు, చెప్పింది చేయండి చాలు" అంటాము. ఉహుద్ గాయాలు పచ్చిగా ఉన్న ఆ సందర్భాన్ని గురించే సూరా ఆలి ఇమ్రాన్ 159వ ఆయత్ అవతరించింది. ప్రవక్త (స) వారిపట్ల మెత్తగా మసలుకోవడం తన కారుణ్యమేనని అల్లాహ్ తెలిపాడు. ఆయన కటువుగా, కఠిన హృదయులై ఉంటే వారంతా చుట్టూ నుండి చెదిరిపోయి ఉండేవారని చెప్పాడు. ఆపై వారిని మన్నించమని, వారికోసం క్షమాపణ వేడమని, వ్యవహారాల్లో వారిని సంప్రదిస్తూ ఉండమని ఆదేశించాడు.

మన్నించమనడంతోనే ఆ ఆదేశం ముగియలేదు. సంప్రదింపుల తలుపును కూడా తెరిచే ఉంచమన్నాడు. దాని ఫలితం రెండేళ్లకే కనబడింది. హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) శత్రు సేనలన్నీ ఏకమై మదీనా మీదికి వచ్చినప్పుడు ప్రవక్త (స) మళ్లీ సహాబాలను సంప్రదించారు. కందకం తవ్వుదామని పర్షియా నుండి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి) సలహా చెప్పారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ కందకమే మదీనాను కాపాడింది. ఉహుద్ తర్వాత తలుపు మూసి ఉంటే ఆ సలహా చెప్పే ధైర్యం ఎవరికి ఉండేది?

మందలించే తీరు

అయితే తప్పును చూసీ చూడనట్లు వదిలేయాలా? కాదు. దిద్దాలి, కాని దిద్దే పద్ధతి ఒకటుంది. ఎవరిలోనైనా లోపం కనిపిస్తే ప్రవక్త (స) పేరు పెట్టి అనేవారు కాదని, కొందరు ఇలా ఎందుకు చేస్తున్నారని అందరితో కలిపి చెప్పేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పదేళ్లు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి), తనను ఆయన (స) ఒక్కసారైనా విసుక్కోలేదని, ఎందుకు చేశావు, ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని సాక్ష్యమిచ్చారు.

పొరపాటు వేరు, అమానతులో ద్రోహం వేరు. జకాత్ వసూలుకు వెళ్లిన ఒక అధికారి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు వచ్చిన కానుక అన్నాడు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే నీకు ఈ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) అతణ్ణి నిలదీశారు. తర్వాత మింబర్ ఎక్కి ప్రజలందరినీ గట్టిగా హెచ్చరించారు. అక్కడ కూడా తప్పును ఎత్తి చూపారే గాని, అతని పేరెత్తి పరువు తీయలేదు. మృదుత్వం అంటే మెతకదనం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనం చేయవలసింది

పని అప్పజెప్పేటప్పుడు పూర్తిగా చెప్పండి, విన్నవారి చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి. తప్పు జరిగితే పక్కకు పిలిచి, ముందు ఏం జరిగిందో వినండి. కోపం చల్లారాకే తీర్పు చెప్పండి. చెడువార్త మోసుకొచ్చిన వాణ్ణి కసరకండి, త్వరగా చెప్పినందుకు మెచ్చుకోండి. నలుగురిలో అవమానించి ఉంటే ఆ నలుగురిలోనే క్షమాపణ అడగండి. అందువల్ల పదవి గౌరవం తగ్గదు.

మేము కూడా ఆ వంటమనిషిని అదే దస్తర్‌ఖాన్ దగ్గర, అదే పిల్లల ముందు క్షమాపణ కోరాము. నాలుగు రోజుల తర్వాత అతను మా గదికి వచ్చి, "బియ్యంలో పురుగు పడుతోంది, ముందే చెబుతున్నాను మౌల్వీసాబ్" అన్నాడు. బియ్యం పాడవుతున్న కబురు విని అంతగా సంతోషించిన వారు లోకంలో మేమొక్కరమేనేమో!

మన కింద పనిచేసేవారు మనకు నిజం చెప్పడానికి భయపడని విధంగా మన మనసులను, మన నాలుకలను అల్లాహ్ తీర్చిదిద్దుగాక! ఆమీన్.