సౌధం – సౌడు మిద్దె : సంజామల ప్రాంతపు గ్రీష్మోపచారం

గ్రీష్మర్తువులో గృహాన్ని చల్లగా నిలుపుకొనే పద్ధతులను గురించి సంస్కృత వాఙ్మయం చెప్పిన దానిలో అధికభాగం జలాశ్రితం. భోజుని సమరాంగణసూత్రధారం యంత్రాధ్యాయంలో ధారాగృహం, ప్రవర్షణం, ప్రణాలం, జలమగ్నం, నంద్యావర్తం అని ఐదు విధాల వారిగృహాలు పేర్కొనబడ్డాయి. వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానంలోని ఋతుచర్యాధ్యాయంలో వేసవి రాత్రులు వెన్నెల పరచుకొన్న సౌధపృష్ఠం మీద శయనించమన్నాడు. ధారాగృహాలు రాజులకు చెల్లినవి. వేసవిలో బిందెడు నీటికే కటకటపడే సీమలో సామాన్య గృహస్థు ఏమి చేశాడన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

నంద్యాల జిల్లాలో బనగానపల్లె, కోవెలకుంట్ల, కొలిమిగుండ్లల నడుమ ఉన్న సంజామల ప్రాంతాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. నేల నల్లరేగడి, చుట్టుపక్కల నాపరాతి గనులు. ఈ సీమ సంప్రదాయ గృహం మిద్దె. కోస్తా జిల్లాలలో మిద్దె అనగానే మేడ స్ఫురిస్తుంది. ఇక్కడ ఒంటి అంతస్తుదైనా సరే, చదును కప్పు ఉంటే అది మిద్దెయే. బోదగడ్డి కప్పినది కొట్టం. మందపాటి రాతిగోడల మీద దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన కట్టెలు గాని నాపబండలు గాని పరచి, మట్టి మెత్తి, అన్నిటికీ మీద చవుడు పోస్తారు. వాడుకలో అది సౌడు.

ఊరి చుట్టూ ఉన్న రేగడిని కాదని చవుడునే ఎందుకు ఎన్నుకొన్నారు? రేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. చవుట నేలలోని సోడియం వల్ల బంకమట్టి కణాలు విడివడి, తడి తగలగానే సందులను పూడ్చివేస్తాయి. నీరు లోనికి దిగదు. పైరుకు పనికిరాని గుణమే కప్పుకు పనికివచ్చింది. వానకాలానికి ముందు కప్పు మీది గడ్డి పెరికి కొత్త చవుడు చల్లడం ఏటేటి పని.

చల్లదనానికి మూలం కప్పు మందం. అడుగు మందాన ఉన్న పొడిమట్టిని దాటి ఎండవేడి లోపలికి చేరడానికి సుమారు తొమ్మిది గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నపు మంట లోకప్పుకు చేరేసరికి రాత్రి పొద్దుపోతుంది. అప్పటికి ఇంటివారు మిద్దె మీద పడుకొని ఉంటారు. వాగ్భటుని సౌధపృష్ఠశయనం ఇక్కడ ఏ శ్లోకమూ చదవకుండానే ఆచరణలో ఉంది! పగలు తలుపులు మూసి వడగాలిని ఆపడం, రాత్రి తెరచి గోడల వేడిని పోనివ్వడం ఈ పద్ధతిలోని మిగిలిన సగం.

ఇక్కడ ఒక భ్రాంతికి అవకాశం ఉంది. సౌధం, సౌడు అన్న రెండు మాటల ధ్వనిసామ్యం చూసి ఒకదానినుండి మరొకటి వచ్చిందనుకోరాదు. సౌధశబ్దం సుధనుండి, అనగా సున్నంనుండి, ఏర్పడినది. చవుడు ద్రావిడ పదం; కన్నడంలో సవుళు, తమిళంలో సవుడు దీనికి చుట్టాలు. అయితే అర్థంలో ఒక పోలిక లేకపోలేదు. రెండూ ఇంటికి దాని పైపూతను బట్టి వచ్చిన పేర్లే. గవాక్షి మాట వేరు. అది నిశ్చయంగా సంస్కృత గవాక్షమే. కావ్యాలలో గోడకున్న ఆ కిటికీ ఇక్కడ మిద్దె కప్పులో వెలుతురుకు వదిలిన రంధ్రమైంది. వాన వస్తే దానిపై బండ మూస్తారు.

ఈ మిద్దెలను గుణగానంతో సరిపెట్టడం న్యాయం కాదు. ఏటేటి మరమ్మతు తప్పిపోయి, దూలాలు పుచ్చి, వానకు తడిసి బరువెక్కిన కప్పు ప్రాణాంతకం. 2024 ఆగస్టులో ఇదే జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టిమిద్దె కూలి ఒకే కుటుంబంలో నలుగురు మరణించారు. స్లాబు వేసుకొనేవారిని నిందించలేము. కాని నాలుగైదు అంగుళాల కాంక్రీటును వేడి మూడు నాలుగు గంటలలోనే దాటుతుంది. సాయంకాలానికి కప్పే కుంపటి. 2015 వేసవిలో దేశంలో వడగాలులకు రెండువేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే.

స్లాబుకు మట్టి మందం ఇవ్వలేకపోయినా సుధ ఇవ్వవచ్చు. తెల్లని సున్నపు పూత ఎండను చాలవరకు వెనుకకు మళ్లిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని కప్పుల విధానానికి ఆధారసూత్రం ఇదే. వట్టివేరు తడికలు కూడా ఈ సీమ పొడిగాలికి బాగా పనిచేస్తాయి. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో తడి అంత త్వరగా ఆరదు కనుక ఫలితం తక్కువ. అయితే వాటిని తడపడానికి నీరు కావాలి.

ఇక మిగిలినది పదసేకరణ. చవుడులో ఏది మేలైనదో కంటితో చూసి, నాలుకతో రుచి చూసి చెప్పగల వృద్ధులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారు చవుడు రకాలకు, దంతెల కూర్పుకు, కప్పు వాలుకు వాడే మాటలను మన పరిశోధక విద్యార్థులు ఊరూరా తిరిగి వ్రాసుకోవలసి ఉంది. అందుకు అనువైన కాలం వానలకు ముందు, మిద్దెకు చవుడు ఎక్కించే రోజులు.